పైలట్ పక్క సీటు

వ్యాన్ల అడ్డాలో అతన్ని అందరూ పైలట్ అనే పిలిచేవారు. విమానం మొహం ఎరిగినవాడు కాదు. బండి తీసేముందు అద్దాలు సర్దుకుని, మెడ మొత్తం తిప్పి ఈ పక్కా ఆ పక్కా చూసుకుని గానీ గేరు వెయ్యడని తోటి డ్రైవర్లు సరదాకి తగిలించిన పేరది. పన్నెండు సీట్ల టూరిస్టు వ్యాన్ అతనిది. అతనిదంటే ట్రావెల్స్ ఓనరుది. కానీ దానిమీద చిన్న గీత పడితే తన ఒంటిమీద పడినట్టు విలవిల్లాడేవాడు కాబట్టి అతనిదే అనుకోవాలి.

ఆమె సీటు కవర్ల దుకాణంలో మిషను కుట్టేది. ఆ వ్యాన్‌కి కొత్త కవర్లు వేసిన దగ్గర్నుంచీ పైలట్ ఏదో ఒక వంకతో దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. డ్రైవరు సీటు కవరు వదులైందన్నాడు. ఆమె బిగించింది. మళ్ళీ వదులైందన్నాడు. మళ్ళీ బిగించింది. ఇంకోసారి వచ్చేసరికి ఆమె పళ్ళమధ్య ఉన్న సూది తీసి, "కవరు బిగుతుగానే ఉంది. వదులైంది ఇంకేదో. ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించుకోండి," అంది. దుకాణంలో అందరూ పగలబడి నవ్వారు. అతను మాత్రం ఆ మాటని బుద్ధిగా పాటించాడు. ఆ నెలలోనే వాళ్ళమ్మని వెంటబెట్టుకుని సంబంధం మాట్లాడటానికి వచ్చాడు.

పెళ్ళయ్యాక అతను ఆమెను 'కుట్టు' అని పిలిచేవాడు. "మిషను మీదే కాదు, మాటతోనూ కుడతావు," అనేవాడు. అత్తగారి ముందు ఆమె 'మీరు', 'ఏవండీ' అనేది. ఇద్దరే ఉన్నప్పుడు 'నువ్వు' అనేది.

పెళ్ళి నడివేసవిలో జరిగింది. టూరిస్టు బళ్ళకి అదే పంటకాలం. పెళ్ళికొడుకు మొహంలో కళ ఇంకా ఆరకముందే ఓనరు కబురు పంపాడు. కొత్త పెళ్ళాన్ని వదిలి, ఊళ్ళోవాళ్ళ పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని కొండలకీ సముద్రానికీ తిప్పుకొచ్చాడు పైలట్. "వచ్చే ఏడు ఇవన్నీ నీకు చూపిస్తా," అన్నాడు. ఆమె నమ్మింది. అతను చెప్పిన మాటల్లో నిలబెట్టుకున్నది అదొక్కటే అని తర్వాత ఎప్పుడో అనుకుంది.

మరుసటి ఎండాకాలం మొదట్లో వ్యాన్ క్లీనరు ఫ్యాక్టరీలో పని దొరికి వెళ్ళిపోయాడు. ఓనరు నోరు పెద్దదే గానీ మనసు చెడ్డది కాదు. "ముందు సీటు ఖాళీగా పోతోంది కదరా. మీ ఆవిణ్ణి కూర్చోబెట్టుకో. సామాన్లు ఎక్కించి దించితే చాలు," అన్నాడు. ఆమె దుకాణంలో సెలవు పెట్టింది. వెనక సీట్లలో ఎవరి కుటుంబాలో, ముందు సీట్లలో వీళ్ళిద్దరూ. అలా మొదలైంది వాళ్ళ కొత్తకాపురపు విహారం.

మొదటి ట్రిప్పుల్లో ఆమె కాళ్ళు నేలమీద లేవు. కొండ మలుపు తిరిగినప్పుడల్లా కింద లోయ కనిపించి కడుపులో ఏదో జారేది, అది కూడా బాగుండేది. పైలట్ పొద్దుండగానే లాడ్జికి చేరేలా చూసుకునేవాడు. "ఇంకో చోటు చూసి వెళ్దాం," అని వెనకనుంచి ఎవరైనా అంటే మర్యాదగానే కుదరదనేవాడు. తనతో గడపడానికే ఈ తొందర అనుకుని ఆమె లోలోపల మురిసిపోయింది.

అతను ఇంట్లో పీటలు తన్నుకోవడం, పక్కనున్న నీళ్ళ గ్లాసు చెయ్యి తగిలి దొర్లించడం ఆమె ఏడాదిగా చూస్తూనే ఉంది. మొరటు మనిషి అనుకుంది. అతను ఇంటికొచ్చే వేళకి అత్తగారు నోరెత్తకుండా పీటలూ బిందెలూ గోడవారకి జరిపేది. ఇల్లు సర్దుకోవడం ఆవిడ అలవాటు అనుకుంది.

కొండల అవతలి ఊరికి వెళ్ళే దారిలో పొడుగాటి సొరంగం ఒకటుంది. ఆ రోజు దాన్లోకి దూరగానే పైలట్ బండి బాగా నెమ్మది చేశాడు.

"కుట్టూ, ముందేముందో చెప్పు."

"చీకటి," అందామె నవ్వుతూ.

"పరాచికాలు కాదు. చెప్పు."

ఆ గొంతు విని ఆమె తిరిగి చూసింది. అతను స్టీరింగు మీదికి వంగిపోయి ఉన్నాడు. 

"ముందు లారీ ఉంది. దూరంగానే ఉంది."

"గీత?"

"ఏ గీత?"

"రోడ్డు మధ్య గీత. నేను దాటానా?"

"కొంచెం ఇటు రా. ఇంకొంచెం. చాలు."

వెలుతురులోకి వచ్చేసరికి అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది. అద్దం మీద దుమ్ము పట్టిందన్నాడు.  కాఫీల కోసం బండి ఆపినచోట, రేకుల పంచకింద అతను కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన నిలబడింది. "దాహమన్నావుగా, తీసుకో," అంటూ నీళ్ళ సీసా అతని చెవి దగ్గరగా పట్టుకుంది. అతను ఎదురుగా చూస్తూ, "ఏదీ, ఇవ్వు," అన్నాడు. సీసా జానెడు దూరంలో ఉంది. ఆమె దాన్ని నెమ్మదిగా ముందుకి జరిపింది. ముక్కు ఎదుటికి వచ్చాక గానీ అతను ఉలిక్కిపడి అందుకోలేదు.

ఆమె అతని పక్కన కూర్చుంది.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది.

అతను నీళ్ళు నమిలాడు. "పగలు బాగానే కనిపిస్తుంది."

"నేనడిగింది అది కాదు."

"కొన్నేళ్ళైంది. మా మావయ్యకీ ఇంతే. ముందు రేచీకటి, తర్వాత పక్కచూపు పోవడం. ఆయనకి ఇప్పుడు బొత్తిగా లేదు."

"అంటే పెళ్ళికి ముందే తెలుసన్నమాట."

"చెబితే చేసుకునేదానివా?"

"ఏమో. నన్ను అడిగుంటే కదా ఆ సంగతి నాకైనా తెలిసేది."

అతను సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. వెనక ప్యాసింజర్లు ఫోటోలు దిగుతున్నారు. "ఈ ఒక్క సీజన్ కానీ. తర్వాత ఓనరుకి నేనే చెబుతా. ఆఫీసులో బుకింగులు రాసుకునే పని అడుగుతా. ఈ సీజన్ మాత్రం నువ్వు పక్కనుంటే లాగించేస్తా," అన్నాడు.

వెనక్కి వెళ్ళాలన్నా అదే సొరంగం. ఎక్కించుకొచ్చిన జనాన్ని దింపక తప్పదు. ఆమె సరేనంది. ఒకసారి సరేనన్నాక కాదనే చోటు మళ్ళీ దొరకలేదు.

ఆ తర్వాత ఆమె చూసిన కొండలు లేవు, కోటలు లేవు, జలపాతాలు లేవు. చూసిందల్లా రోడ్డు. కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చునేది. "స్కూటరు, నా పక్క. కుక్క. ఆవిడ దాటేలా ఉంది, ఆగు. ఇప్పుడు పో." ఇదంతా వెనకవాళ్ళకి వినిపించకుండా గొణుగుతూనే ఉండాలి. సాయంత్రమయ్యేసరికి నాలుక పిడచకట్టేది, కళ్ళు మంటలెత్తేవి. రిటైరైన టీచరమ్మ ఒకావిడ దిగేటప్పుడు ఆమె బుగ్గ పుణికి, "నాలుగు రోజులుగా చూస్తున్నాను. మీ ఇద్దరికీ ఊసులు అయిపోవా అమ్మాయీ? మా ఆయన నాతో ముప్ఫై ఏళ్ళలో అన్ని మాటలు మాట్లాడలేదు," అంది. పైలట్ నవ్వాడు. ఆమెకూ నవ్వక తప్పలేదు.

వాళ్ళ మొదటి పెళ్ళిరోజు సముద్రం ట్రిప్పులో పడింది. ప్యాసింజర్లంతా ఒకే కుటుంబం. అన్నదమ్ములు, తోడికోడళ్ళు, ఒక మామ్మగారు, పిల్లలు. పొద్దున్న వాళ్ళు నీళ్ళలో ఆడుతుంటే, వీళ్ళిద్దరూ కాస్త ఎడంగా తడి ఇసుకలో నిలబడ్డారు. బండి ఆగి ఉంది కాబట్టి ఆమెకి చూడటానికి తీరిక దొరికింది. సముద్రం ఇంత ఉంటుందని ఆమె అనుకోలేదు.

"నీకెలా కనిపిస్తుంది?" అని అడిగింది.

"గొట్టంలోంచి చూసినట్టు. నీళ్ళు కనిపిస్తాయి, అంచులుండవు. నువ్వెక్కడున్నావో తెలియాలంటే నీవైపు తిరగాలి. నీవైపు తిరిగితే సముద్రం పోతుంది." ఆమెవైపు తిరిగి, "నువ్వెళ్ళి ముందు నిలబడు," అన్నాడు.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలోకి నడిచి అతని ఎదురుగా నిలబడింది. అలలు మోకాళ్ళకి కొడుతున్నాయి. అతను చాలాసేపు అలాగే చూశాడు. ఏడాది కాపురంలో అతనామెను అంత తీరిగ్గా చూసింది అప్పుడే. ఆమె మనసులో కోపమంటూ మిగిలి ఉంటే అది ఆ నీళ్ళలోనే పోయింది.

ఆ రోజు వాళ్ళ పెళ్ళిరోజని మామ్మగారికి ఎలా తెలిసిందో తెలిసింది. మధ్యాహ్నం బయల్దేరాల్సిన మనుషులు కేకు తెప్పించారు. కోయాలన్నారు, ఒకరికొకరు తినిపించాలన్నారు, ఫోటోలన్నారు. ఆమె ఎండవైపు చూస్తూ రెండుసార్లు "పొద్దుపోతోందండీ," అంది. "పెళ్ళిరోజున కూడా డ్యూటీయేనా?" అని వాళ్ళు నవ్వేశారు. బండి కదిలేసరికి ఎండ పలచబడింది.

"రేపు పొద్దున్నే పోదామని చెప్పు," అంది ఆమె చెవిలో.

"వాళ్ళకి రైలుంది. ఏమని చెప్పను?"

ఆమె రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.

కాసేపటికి మసక కమ్మింది. ఎదురుగా వచ్చే దీపాలు కళ్ళలో పొడుస్తుంటే అతను రెప్పలార్పుతూ నడుపుతున్నాడు. ఆమె ఆపకుండా దారి చెబుతోంది. అంతలో వెనకనుంచి మామ్మగారు ఆమె భుజం తట్టి, "నువ్వు అసలు తిననే లేదే. ఇదిగో నీ వాటా," అంటూ కేకు ముక్క అందించింది. పెద్దావిడ చెయ్యి చాపితే తిరక్కుండా ఎలా ఉంటుంది? తిరిగింది. కేకు అందుకుంది. ఆమె పక్క అద్దం దేనికో కొట్టుకున్న చప్పుడు విని ముందుకు తిరిగేసరికి, అద్దం విరిగి వేలాడుతోంది.

రోడ్డు పక్క గుంటలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. కుడి మణికట్టు పక్కకి తిరిగిపోయి ఉంది. పక్కనే చిన్న చెక్కపెట్టె పగిలి, కత్తెరలూ దువ్వెనలూ గడ్డిలో చెదిరిపోయాయి. మంగలి. పని చేసుకుని ఇంటికి పోతున్నాడు.

జనం పోగయ్యారు. పైలట్ బండి దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల కుటుంబమంతా దిగి అతని తరఫున మాట్లాడారు. "మా డ్రైవరు నత్తలా నడుపుతాడండీ, రెండు రోజుల్నుంచీ చూస్తున్నాం. ఈ పెద్దాయనే రోడ్డు మీదికొచ్చి ఉంటాడు." ఊరివాళ్ళలో కొందరు తలాడించారు. "ఆలోచనలో పడి నడుస్తావు తాతా, ఎన్నిసార్లు చెప్పాం," అని ఒకడు విసుక్కున్నాడు. ముసలాయన నొప్పికి పళ్ళు బిగించి, "నేనే అయ్యుంటాలే బాబూ. అడుగు తప్పుగా పడుంటుంది. ఆయన్నేమీ అనకండి," అన్నాడు.

ఆమె మొగుడి మొహంలోకి చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని ఎదురుచూసింది. అతను వంగి, గడ్డిలో చేత్తో తడుముతూ కత్తెరలు ఏరసాగాడు. ఏరి పెట్టెలో పెట్టి ముసలాయనకిచ్చాడు. "జాగ్రత్తగా నడవండి," అన్నాడు.

ఆ మాట ఆమె గుండెలో దిగబడింది. దగ్గర్లోని ఆస్పత్రిలో కట్టు కట్టించి, వాళ్ళ ఊరి మనుషులకి అప్పగించి బయల్దేరారు. మిగతా దారంతా ఆమె చెబుతూనే ఉంది. గీత, లారీ, మలుపు, సైకిలు. పెళ్ళిరోజు అలా గడిచింది.

ఇంటికొచ్చిన మర్నాడు అతను నిద్ర లేవకముందే ఆమె ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళింది. ఓనరు విరిగిన అద్దం సంగతి అనుకుని, "పోనీలేమ్మా, వాడికి ఇదే మొదటిసారి," అన్నాడు.

"అద్దం సంగతి కాదు బాబాయ్ గారూ. ఆయనకి చూపు లేదు."

ఓనరు మొదట నమ్మలేదు. నమ్మాక కుర్చీలోంచి లేచాడు. "నా బండిలో పసిపిల్లలు ఎక్కుతారు. ఎన్నాళ్ళైంది నీకు తెలిసి?" అన్నాడు. ఆమె తల దించుకుంది. సీజన్ మొదట్లోనే తెలిసిందని చెప్పింది. "మరి అప్పుడెందుకు రాలేదు?" అన్నాడాయన. నిన్నటిదాకా నోరు మూసుకుని, ఇవాళ నిజం చెప్పినంత మాత్రాన మెచ్చుకుంటారని ఆమె అనుకోలేదు. అయినా ఆ మాట తగిలింది.

ఓనరు పైలట్‌ని పిలిపించి తాళాలు తీసుకున్నాడు. తానే కంటి ఆస్పత్రికి పంపించాడు. డాక్టరు చాలాసేపు పరీక్షలు చేసి, "అంచుల చూపు పోయింది. మధ్యలో ఉన్నది కొన్నేళ్ళు ఉంటుంది. దీనికి మందు లేదు, ఆపరేషను లేదు. ఇన్నాళ్ళూ బండి నడిపారంటే మీ అదృష్టం కాదు, రోడ్డు మీద జనాల అదృష్టం," అన్నాడు. మేనమామ సంగతి విని, "అవును, ఇది తల్లివైపు నుంచి వస్తుంది," అన్నాడు. మూలన బెంచీమీద కూర్చున్న అత్తగారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చాక ఆవిడ కోడలితో అన్నది ఒక్కటే. "మా అన్న సంగతి తెలిసినదాన్ని, నా కొడుకు సంగతి నాకు తెలీదా? నేను దాచుకున్నాను. నువ్వు దాచలేకపోయావు."

పైలట్ అరవలేదు. అరిచినా బాగుండేదని ఆమెకనిపించింది. మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగో రోజు, "నాకు చెప్పి వెళ్ళుండాల్సింది," అన్నాడు.

"చెబితే వెళ్ళనిచ్చేవాడివా?"

తానొకప్పుడు అన్న మాటే తనకి తిరిగొచ్చిందని అతనికి తెలిసిందో లేదో. "లేదు," అన్నాడు నిజాయితీగా. ఆ తర్వాత అతను ఆమెను కుట్టు అని పిలవలేదు. అసలు ఏ పేరుతోనూ పిలవలేదు. అవసరమైతే దగ్గేవాడు.

ఆఫీసులో బుకింగుల పని అడగడానికి ఆమె వెళ్ళింది. ఓనరు కాదనలేదు, అవుననలేదు. "అబద్ధమాడినవాణ్ణి కౌంటర్లో కూర్చోబెట్టుకోలేనమ్మా," అన్నాడు చివరికి. షెడ్డులో బళ్ళు కడిగే పని ఉందన్నాడు. అడ్డాలో పాత నేస్తాలు ఎదురుపడితే పలకరించేవారే గానీ ఎక్కువసేపు నిలబడేవారు కాదు. అతన్ని పైలట్ అనడానికి వాళ్ళకే నోరాడేది కాదు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఆమె ఒంటరిగా బస్సెక్కి ఆ మంగలాయన ఊరు వెళ్ళింది. వాకబు చేస్తే ఇల్లు చూపించారు. ఆయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. ఎముక వంకరగా అతుక్కుంది. వేళ్ళు ముడుచుకోవు. కత్తెర పట్టలేకపోతున్నానని, ఊళ్ళోవాళ్ళు వేరే దుకాణానికి పోతున్నారని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. చెప్పి, "నా పరధ్యానమే నన్నింత చేసింది," అన్నాడు.

ఆమె అరుగు కింద కూర్చుని జరిగిందంతా చెప్పింది. రేచీకటి, సొరంగం, కేకు.  అంతా విన్నాక ఆయన ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎందుకు చెప్పావమ్మా?" అన్నాడు.

"మీ తప్పు కాదని మీకు తెలియాలని."

"నా తప్పేననుకుని ఊరుకున్నాను. ఊరుకోవడం అలవాటైంది కూడా. ఇప్పుడు నీ మొగుణ్ణి తిట్టుకోవాలి. గుడ్డివాణ్ణి ఏమని తిట్టను? నీ బరువు దింపుకుని పోతున్నావు. పో." గొంతు తగ్గించి, "వానొచ్చేలా ఉంది. బస్సు ఆ మలుపు దగ్గర ఆగుతుంది," అన్నాడు.

ఆమె లేచి వెళ్ళింది. క్షమించమని అడగాలనుకుని వచ్చింది. అడగలేదు.

ఇప్పుడు పైలట్ షెడ్డులో వ్యాన్లు కడుగుతాడు. ఎదుటిభాగం అద్దంలా తోమి, పక్కలు మరిచిపోతాడు. అతను వెళ్ళాక వేరొకడు మళ్ళీ కడుగుతాడు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఆమె తిరిగి దుకాణంలో చేరింది. సాయంత్రం పని ముగించుకుని షెడ్డుకి వెళ్ళి అతన్ని తీసుకొస్తుంది. బజారులో దీపాలున్నంతవరకూ అతను ఆమెకి బారెడు దూరంలో, తన దారి తనే చూసుకుంటున్నట్టు నడుస్తాడు. దీపాలు అయిపోయేచోట ఆగి, నిలబడతాడు. పిలవడు. ఆమె వెనక్కొచ్చి భుజం అందిస్తుంది. అతను పట్టుకుంటాడు.

ఇంటికి చేరేదాకా "మెట్టు", "నీళ్ళు", "సైకిలు" అని ఆమె చెబుతూ ఉంటుంది. మొన్నొకరోజు అలాగే నడుస్తూ, చెప్పడం ఆపి చూసింది, తనంతట తాను ఏదైనా మాట్లాడతాడేమోనని. అతను నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. "ఏమైంది? ఏముంది ముందు?" అన్నాడు కంగారుగా.

"ఏమీ లేదు. నడువు," అంది.